వించెస్టర్ 1892, .32-20 బోరు: తుపాకీకి వంక లేదు, తంటా అంతా తూటాలతోనే

ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. తుపాకీ వించెస్టర్ మోడల్ 1892 లీవర్ యాక్షన్ రైఫిల్, అంటే ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను తిప్పి తూటా ఎక్కించేది. 24 అంగుళాల బ్యారెల్, దాని మీద "32 డబ్ల్యూ.సి.ఎఫ్." (వించెస్టర్ సెంటర్ ఫైర్) అని ముద్ర. ఈ రోజుల్లో .32-20 అని పిలిచే తూటా ఇదే. హైదరాబాద్‌లో ఇలాంటి పాత లీవర్ రైఫిల్ కొనాలని చూస్తున్నవాళ్ళకు మొదటి మాట: తుపాకీ బేరం మొదలుపెట్టే ముందు తూటాల లెక్క తేల్చుకోండి. తుపాకీతోపాటు కనీసం 50 మంచి తూటాలు చేతికి రాకపోతే అది గోడకు తగిలించుకునే వస్తువు మాత్రమే. అలా తగిలించుకోవడానికి కూడా లైసెన్సు కావాలి, ఆ సంగతి కింద రాశాను.

ముందు తుపాకీ గురించి. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. 1892లో మొదలై 1941 దాకా తయారైంది, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బోల్టుకు (తూటా వెనక మూసి ఉంచే ఉక్కు ముక్కకు) రెండు పక్కలా నిలువుగా లేచే రెండు ఉక్కు దిమ్మెలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. అంతకు ముందు వచ్చిన 1873 మోడల్‌లో మోచేయిలా మడిచే లింకులు ఉండేవి, వాటి బలం చాలా తక్కువ. .32-20 తూటాను 1882లో ఆ 1873 మోడల్ కోసమే తెచ్చారు: 20 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటాలు తూచే చిన్న కొలత) నల్ల తుపాకిమందు, 100 లేదా 115 గ్రెయిన్ల సీసపు గుండు. అంటే 1892 యాక్షన్‌కు (పేల్చే యంత్రాంగానికి) ఇది చాలా తేలిక తూటా. అందుకే వందేళ్ళు దాటిన తుపాకీలో కూడా బోల్టు వదులు కాకుండా ఉంటుంది. భుజానికి తన్ను దాదాపు తెలియదు. 50 మీటర్లలో పాత ఓపెన్ సైట్లతోనే గుండ్లు ఒకేచోట గుంపుగా చక్కగా పడతాయి. లీవర్‌ను మాత్రం చివరిదాకా గట్టిగా తోసి, గట్టిగా వెనక్కి లాగాలి. సున్నితంగా సగం సగం తిప్పితే తూటా లిఫ్టర్ (తూటాను పైకి లేపే పలక) మీదే ఆగిపోతుంది. వేరే సేఫ్టీ ఏదీ లేదు, హ్యామర్‌ను (పేల్చే దెబ్బ కొట్టే సుత్తిని) సగం మెట్టులో నిలపడమే సేఫ్టీ. పాత తుపాకీలో ఆ సగం మెట్టు అరిగిపోయి ఉండొచ్చు. ఖాళీ తుపాకీని సగం మెట్టులో పెట్టి ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కి చూడండి, హ్యామర్ కదలకూడదు.

"యాంటిక్ కదా, లైసెన్సు అక్కర్లేదు" అనే మాట పాతబస్తీ నుంచి బంజారాహిల్స్ దాకా వినిపిస్తుంది. అది తప్పు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 మినహాయించేది, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలను మాత్రమే. పేలే 1892కు వయసెంతైనా లైసెన్సు ఉండాల్సిందే. ఇంకొకటి: లైసెన్సులో బోరు ఎలా రాసి ఉందో చూసుకోండి. చాలా పాత లైసెన్సు పుస్తకాల్లో "32 బోర్ రైఫిల్" అని మాత్రమే ఉంటుంది. మీ ఇల్లు ఏ పోలీస్ కమిషనరేట్ కిందికి వస్తే అక్కడ దరఖాస్తు పెట్టి ".32-20 డబ్ల్యూ.సి.ఎఫ్." అని స్పష్టంగా రాయించుకోండి. ఎందుకంటే అసలు ప్రమాదం ఈ "32" దగ్గరే మొదలవుతుంది.

మన దుకాణాల్లో "బత్తీస్ (ముప్పై రెండు) బోర్" అంటే కౌంటర్ మీద పెట్టేది ఇండియన్ రివాల్వర్ తూటా, అంటే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. పిస్టల్ ఉన్నవాడికి బత్తీస్ అంటే .32 ఎ.సి.పి. పాత వేటగాళ్ళ ఇళ్ళలో బత్తీస్ అంటే .32 వించెస్టర్ స్పెషల్ కావచ్చు. ఇవేవీ .32-20 కావు. రివాల్వర్ తూటా మరీ మోసం చేస్తుంది: గుండు వ్యాసం దాదాపు అదే కాబట్టి చూపుకు సరిపోయేట్టే ఉంటుంది, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి) చాలామటుకు దూరుతుంది. కానీ షెల్ (తూటా ఇత్తడి తొడుగు) సన్నం, పొట్టి. ఆ ఛాంబర్ దాని కోసం చేసింది కాదు. పేలిస్తే షెల్ ఉబ్బుతుంది, చీలుతుంది, వేడి వాయువు యాక్షన్‌లోంచి ముఖం వైపు తంతుంది.

పేరును నమ్మకుండా కొలిచి కొనాలి. రాణీగంజ్‌లో ఏ పనిముట్ల దుకాణంలోనైనా డిజిటల్ వెర్నియర్ దొరుకుతుంది, అది జేబులో పెట్టుకునే దుకాణానికి వెళ్ళండి. .32-20 షెల్ పొడవు 33.4 మి.మీ., అడుగు అంచు వ్యాసం 10.4, అంచుకు కాస్త పైన ఒళ్ళు 9.0, మెడ 8.3, గుండు 7.9, గుండుతో కలిపి మొత్తం పొడవు 40.4 మి.మీ. రివాల్వర్ లాంగ్ షెల్ 23.4 మి.మీ. మాత్రమే, అంచు 9.5. ఎ.సి.పి. షెల్ 17.3. వించెస్టర్ స్పెషల్ అయితే 51.8, చేతిలో పెట్టుకోగానే పెద్దదని తెలుస్తుంది. .32-20కి భుజం ఉంది కానీ చాలా స్వల్పం. వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుతురుకు అడ్డంగా తిప్పితే మెడ దగ్గర చిన్న దిగుడు కనిపిస్తుంది. అది కనిపించకపోతే పక్కన పెట్టేయండి. బ్రిటిష్ కాలపు సరుకులో .310 క్యాడెట్ తూటాలు కూడా వీటితో కలిసిపోయి ఉంటాయి, అవీ వేరే తూటాలే.

ఇక ఎక్కడ దొరుకుతాయి? మన దేశపు ఆర్డ్‌నెన్స్ కర్మాగారాలు పౌరులకు చేసేవి .315, .32 రివాల్వర్, 12 బోర్ వంటివి. .32-20 ఆ వరుసలో లేదు. విదేశీ తూటాలు మామూలు లైసెన్సుదారు కోసం తెప్పించే దారి 1980లలోనే మూసుకుపోయింది. మిగిలింది డీలర్ల దగ్గరి పాత నిల్వ, యజమాని చనిపోయాక వారసులు డిపాజిట్ చేసిన సరుకు, అంతే. కాబట్టి ఏడాదికోసారి ఫోన్ చేసి అడిగితే లాభం లేదు. వర్షాకాలం అయ్యాక ఒకసారి, మార్చి తర్వాత ఒకసారి స్వయంగా వెళ్ళి, లైసెన్సు చూపించి, అడుగు ముద్ర (తూటా అడుగున కొట్టిన అక్షరాలు) రాసిన చీటీ డీలర్ దగ్గర వదిలి రండి. ఆ చీటీ మీద "బత్తీస్" అన్న మాట ఉండకూడదు. వేరే రాష్ట్రంలో దొరికిందని ఆశపడే ముందు మీ లైసెన్సు దేశమంతటికీ చెల్లుతుందా, తెలంగాణ వరకేనా చూసుకోండి. కొన్న ప్రతి తూటా లైసెన్సులో ఎక్కాలి, డీలర్ ముద్ర, సంతకం పడాలి, బిల్లు ఉండాలి. తెలిసినవాళ్ళ అల్మరాలోంచి నాలుగు తూటాలు చేతిలో పెట్టించుకోవడం కూడా నేరమే. ఇంట్లో మందు నింపుకునే ఆలోచన అసలు వద్దు, లైసెన్సు లేని తయారీ సెక్షన్ 5 కిందికి వస్తుంది.

డీలర్ 20 తూటాలు బల్ల మీద పోశాడనుకోండి. మొదట అడుగు ముద్ర చదవండి. "ఆర్-పి" అని ఉంటే రెమింగ్టన్ పీటర్స్, 1960 ప్రాంతం తర్వాతి సరుకు. అన్నిటికన్నా ముందు తీసుకోవలసింది అదే. "రెమ్-యుఎంసి", "డబ్ల్యూ.ఆర్.ఎ. కో." అంటే అంతకన్నా పాతవి. తుప్పు పట్టించని ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు నిప్పు రాజేసే భాగం) అమెరికాలో 1920ల చివర్లోనే మొదలైంది కాబట్టి, ఏ కాలానిదో తెలియని పాత తూటా దేన్నైనా తుప్పు ప్రైమర్‌గానే లెక్కేయాలి. పెట్టె మీద "హై వెలాసిటీ", 80 గ్రెయిన్ల గుండు అని ఉంటే అది 1892కు పనికొస్తుందని, రివాల్వర్లకూ 1873 మోడల్‌కూ పనికిరాదని అర్థం. వందేళ్ళ బ్యారెల్‌లో వాటిని పేల్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత ఒక్కొక్కటే భూతద్దం కింద. ఈ షెల్ మెడ చాలా పలచన, వయసు పగుళ్ళన్నీ అక్కడే వస్తాయి. వెంట్రుక లాంటి నిలువు గీత కనిపిస్తే వదిలేయండి. పైపైన నల్లబడితే ఏం కాదు. ఆకుపచ్చ చిలుము మాత్రం గోటితో గీకితే ఎంత లోతుందో తెలుస్తుంది. దాని కింద గుంట పడి ఉంటే ఆ తూటా అయిపోయినట్టే. తోలు పట్టాలో ఏళ్ళ తరబడి ఉన్న తూటాలకు ఒళ్ళంతా పచ్చటి రింగు పడుతుంది, తోలులోని ఆమ్లం ఇత్తడిని తింటుంది. గుండును రెండు వేళ్ళతో తిప్పి చూడండి, తిరిగితే పనికిరాదు. మొత్తం పొడవు 40.4 కన్నా ఒకటి రెండు మి.మీ. తగ్గిందంటే గుండు లోపలికి దిగిపోయింది: లిఫ్టర్ మీద సరిగా కూర్చోదు, పైగా లోపలి జాగా తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. గుండు ముక్కు చదునుగా ఉండాలి. ట్యూబు మ్యాగజైన్‌లో (బ్యారెల్ కింద తూటాలు వరుసగా నిలిచే గొట్టంలో) ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కు ఆని ఉంటుంది కాబట్టి మొన ఉన్న గుండు ఎంత ముద్దొచ్చినా వద్దు. ఇన్ని వడపోతల తర్వాత ఇరవైలో పన్నెండు మిగిలితే అది మంచి బేరమే.

తెచ్చుకున్నాక వాటిని మెరిపించకండి. ఇంట్లో ఇత్తడి అనగానే చింతపండు అందుకుంటారు. ఆ పులుపు తూటాకు చేటు. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ అంతకన్నా చేటు. బ్రిటిష్ సైన్యం మన దేశంలోనే ఈ పాఠం నేర్చుకుంది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల షెల్లు ఉన్నచోటే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, షెల్ తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే అలా పగులుతుందని 1921లో తేల్చారు. పొడి నూలుగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. నూనె పూయొద్దు, అది ప్రైమర్ పక్క నుంచి లోపలికి పాకి దాన్ని చంపుతుంది. మూత బిగువుగా ఉండే ఇనప డబ్బా, అందులో సిలికా జెల్, డబ్బా గదిలో కింది అరలో. అటక మాత్రం వద్దు, మే నెలలో స్లాబు కింద వేడికి మందు త్వరగా పాడవుతుంది.

వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట మాట లేదు, పేల్చేది రేంజ్‌లోనే, అక్కడి అనుమతితోనే. పాత తూటాలతో ట్యూబు నిండా నింపకండి, ఒక్కొక్కటే పెట్టండి. ట్రిగ్గర్ నొక్కాక "టిక్" అని ఆగిపోతే బ్యారెల్‌ను గురి వైపే ఉంచి ఒక నిమిషం ఆగాలి. పాత ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవడం ఉంది. తీసి చూస్తే ప్రైమర్ మీద గుంట పైపైనే పడిందా? అప్పుడు తూటాను నిందించే ముందు మెయిన్ స్ప్రింగ్‌ను బిగించే స్క్రూ చూపించుకోండి. కింది ట్యాంగ్‌లో (చెక్క పిడిలోకి చొచ్చుకుపోయే ఇనప పట్టీలో) ఉండే ఆ స్క్రూ కాలం గడిచేకొద్దీ వదులవుతుంది, దెబ్బ బలహీనపడుతుంది. నా దగ్గర "చచ్చిన" తూటాలని పక్కన పెట్టిన వాటిలో సగం, ఆ స్క్రూ బిగించాక పేలాయి. ఆ పని లైసెన్సున్న మెకానిక్ చేతే చేయించాలి. శబ్దం "టుస్" మని వస్తే ఇంక లీవర్ తిప్పొద్దు. తూటాలన్నీ తీసేసి బ్యారెల్‌లో రాడ్ దించి చూడండి. గుండు మధ్యలో ఇరుక్కుని ఉంటే, వెనకాల ఇంకొకటి పేల్చిన మరుక్షణం బ్యారెల్ ఉబ్బుతుంది. కొనేటప్పుడు కూడా వెలుతురుకు ఎదురుగా బ్యారెల్ లోపల చూడండి. గ్రూవుల (బ్యారెల్ లోపలి మెలికల గాడుల) మధ్య నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తే అది అలాంటి పాత ఉబ్బే.

తుప్పు ప్రైమర్ తూటా ఒక్కటి పేల్చినా ఆ రోజే కడగాలి. ప్రైమర్ వదిలేది ఒక రకం ఉప్పు. నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. మన జులై గాలిలో రెండు రోజులు వదిలితే చాలు, బ్యారెల్ లోపల ఎర్రబారుతుంది. మూతిని కిందికి వంచి, సన్నటి రబ్బరు గొట్టం ఛాంబర్‌లో పెట్టి, అర లీటరు వేడి నీళ్ళు పొయ్యండి. నీళ్ళు యాక్షన్‌లోకి పోకుండా చుట్టూ గుడ్డ కుక్కండి. తర్వాత పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా పుల్‌త్రూ (గుడ్డ కట్టి బ్యారెల్‌లోంచి లాగే తాడు) లాగి, చివర పలచగా నూనె. ఇనప రాడ్‌ను మూతి నుంచి రాపిడిగా ఆడించొద్దు, మూతి అంచు అరిగితే గురి పోతుంది.

ఎన్నికలొస్తే తుపాకీని డిపాజిట్ చేయమని ఆదేశం వస్తుంది, వారాల తరబడి స్టేషన్‌లో ఉంటుంది. ఇచ్చే ముందు లోపలా బయటా గ్రీజు పలచగా పట్టించి, తోలు కవర్ తీసేసి, నూలుగుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. రసీదులో తుపాకీ నంబరుతోపాటు తూటాల సంఖ్య, అడుగు ముద్ర కూడా రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే లెక్కపెట్టుకోండి. ఆ పన్నెండు తూటాల్లో ఒకటి తగ్గినా మళ్ళీ కొనడానికి దుకాణం లేదు.