నీటి అడుగున ఆర్‌ఓవీ: చూపించే పొజిషన్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

ఎనిమిది థ్రస్టర్ల (నీటిని తోసే మోటార్లు) తనిఖీ ఆర్‌ఓవీ, అంటే పైనుంచి కేబుల్‌తో నడిపే నీటి అడుగు యంత్రం; దాని కడుపు కింద వేగం కొలిచే డీవీఎల్, ముందు శబ్దంతో చుట్టూ చూసే స్కానింగ్ సోనార్, పడవ పక్కన గొట్టానికి బిగించిన, శబ్దంతో ఆర్‌ఓవీ ఎక్కడుందో చెప్పే యూఎస్‌బీఎల్ హెడ్. జెట్టీ స్తంభాలు, ఆనకట్ట గోడలు, పైపులైన్లు చూడటానికి ఏళ్ల తరబడి వాడుతున్న సెట్టు ఇది. కెమెరా, మోటార్లు బాగానే పనిచేస్తాయి, వాటి గురించి చెప్పేది తక్కువ. అసలు చెప్పాల్సింది పొజిషన్ గురించే. గోడలో పగులు కనబడటం సగం పని. ఆర్నెల్ల తర్వాత ఇంకో పైలట్ నేరుగా అదే పగులు దగ్గరికి వెళ్లగలిగితేనే మిగతా సగం పూర్తయినట్టు.

నీళ్లలో జీపీఎస్ అందదు కాబట్టి భారమంతా శబ్దం మీదే. యూఎస్‌బీఎల్ హెడ్ పిలుస్తుంది, ఆర్‌ఓవీ మీది ట్రాన్స్‌పాండర్ (పిలుపుకు శబ్దంతో జవాబిచ్చే పరికరం) పలుకుతుంది. శబ్దం వచ్చిపోయిన సమయం దూరాన్ని, హెడ్‌లోని ఒక్కో చెవికి (శబ్దం వినే సెన్సర్‌కు) అది చేరడంలో తేడా దిక్కును ఇస్తాయి. డీవీఎల్ నాలుగు శబ్ద కిరణాలను అడుగుకు కొట్టి, తిరిగొచ్చిన పౌనఃపున్యంలో మార్పును బట్టి వేగం చెబుతుంది. ఆ వేగాన్ని దిక్కుతో కలిపి కూడుకుంటూ పోతే నడిచిన దారి వస్తుంది. తెర మీద యూఎస్‌బీఎల్ చూపే చుక్క గెంతుతుంది గానీ గంటలు గడిచినా జారిపోదు. డీవీఎల్ గీత నున్నగా ఉంటుంది గానీ మెల్లగా జారుతుంది. అందుకే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దుకోవాలి.

ఎక్కువ తంటా దిక్కుతోనే. 1 డిగ్రీ తప్పితే 100 మీటర్ల నడకకు 1.75 మీటర్లు పక్కకు పోతాం. మామూలు మాగ్నెటిక్ దిక్సూచి ఉక్కు షీట్ పైల్స్ (నేలలోకి దించిన ఉక్కు పలకల గోడ) పక్కన, ఇనుప పైపు మీద ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. ఒడ్డున ఎంత శ్రద్ధగా క్యాలిబ్రేట్ చేసినా అక్కడ పనికిరాదు. ఉక్కు కట్టడాలే మీ పనైతే, కెమెరా మీద పెట్టే డబ్బు తగ్గించి అయినా ఇనుము ప్రభావం పడకుండా దిక్కు చెప్పే ఫైబర్ ఆప్టిక్ గైరో తీసుకోండి.

డెమోల్లో ఆర్‌ఓవీని ఒక చతురస్రం తిప్పి బయల్దేరిన చోటికే తెచ్చి, తేడా పది సెంటీమీటర్లే అని చూపిస్తారు. దయచేసి దాంతో తృప్తిపడకండి. డీవీఎల్‌ను రెండు డిగ్రీలు వంకరగా బిగించినా ఆ చతురస్రం మూసుకుంటుంది, ఎందుకంటే బొమ్మ మొత్తం రెండు డిగ్రీలు తిరుగుతుందే తప్ప విడిపోదు. శబ్ద వేగం తప్పుగా పెట్టినా అంతే, బొమ్మ పెద్దదో చిన్నదో అయి మళ్లీ మూసుకుంటుంది. సరైన పరీక్ష వేరే ఉంది. కనీసం 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు ఎంచుకుని, వాటి స్థానాలను పైనుంచి టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం కొలిచే సర్వే పరికరం) కొలవాలి. ఒక గుర్తు నుంచి ఇంకోదానికి ఆర్‌ఓవీని నడపాలి. పొడవులో తేడా వస్తే ముందుగా శబ్ద వేగాన్ని అనుమానించాలి. పక్కకు తేడా వస్తే బిగింపు కోణాన్నో దిక్కునో అనుమానించాలి. 50 మీటర్లకు 40 సెంటీమీటర్లు పక్కకు పోయిందంటే దాదాపు అర డిగ్రీ తప్పు ఉన్నట్టు.

శబ్ద వేగం విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సముద్రంలో వాడిన సెట్టింగును మార్చకుండా మంచినీటిలో దించేస్తారు. 20 డిగ్రీల వేడిమిలో మంచినీట శబ్దం సెకనుకు సుమారు 1482 మీటర్లు పోతుంది, కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉన్న సముద్రంలో 1521. అంటే 100 మీటర్లకు రెండున్నర మీటర్లకు పైగా తేడా. లోతుకూ ఇదే గొడవ. నీటి ఒత్తిడిని బట్టి లోతు చెప్పే ప్రెషర్ సెన్సర్‌లో ఉప్పునీటి సాంద్రతే ఉంచేస్తే 40 మీటర్ల మంచినీటి లోతును 39 అని చూపిస్తుంది.

డీవీఎల్‌కు అడుగు కనబడకపోవడానికి చాలాసార్లు కారణం మనమే. ఆర్‌ఓవీ కాస్త బరువుగా ఉంటే, తేలి నిలబడటానికి థ్రస్టర్లు నీళ్లను కిందికి తోస్తాయి, బురద లేస్తుంది, లాక్ (డీవీఎల్‌కు అడుగు దొరికి ఉండటం) పోతుంది. చిన్న యంత్రమైతే సుమారు 200 గ్రాముల తేలుడు ఉంచండి. అప్పుడు నీళ్లు పైకి పోతాయి, అడుగు కదలదు. గోడకు మరీ దగ్గరైతే ఒక కిరణం గోడను తాకి వేగం గజిబిజి అవుతుంది. ఆనకట్ట ముఖం మొత్తం చూడాలంటే డీవీఎల్‌ను గోడ వైపు తిప్పి బిగించడమే మేలు.

యూఎస్‌బీఎల్‌కు నిటారు గోడలు, తక్కువ లోతు పడవు. ప్రతిధ్వనులను అసలు జవాబుగా భ్రమపడి చుక్క గోడ అవతలకు గెంతుతుంది. హెడ్ పడవ అడుగుకన్నా కిందికి ఉండాలి, గొట్టం ఊగకూడదు. 1 డిగ్రీ వంగితే 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లు పోతాయి. ట్రాన్స్‌పాండర్‌ను అడుగున పెట్టి, పడవను నాలుగు దిక్కులకు తిప్పి చూడండి. పడవతో పాటు చుక్క కూడా తిరిగితే జీపీఎస్ యాంటెన్నాకూ హెడ్‌కూ మధ్య కొలత గానీ, పడవ దిక్కు గానీ తప్పు.

నిర్మాణంలో, అంటే దిమ్మెలు దించేటప్పుడు, యూఎస్‌బీఎల్ పక్కదాకా తెస్తుంది. చివరి అర మీటరును సోనార్ చూస్తూ పూర్తిచేయాలి. సెంటీమీటర్ల లెక్క కావాలంటే అడుగున చాలా ట్రాన్స్‌పాండర్లు నాటి, వాటి నుంచి దూరాలు కొలిచే ఎల్‌బీఎల్ పద్ధతి వాడక తప్పదు. ఫొటోలతో మ్యాపు చేసేటప్పుడు చిత్రాలు 70 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి పడాలి, దీపాలు కెమెరాకు దూరంగా పక్కలకు ఉండాలి, ఫ్రేములో కొలత బద్ద ఒకటి కనబడాలి. కెమెరా గడియారాన్ని, నావిగేషన్ గడియారాన్ని కలపడం మరిచిపోవద్దు. సెకనుకు అర మీటరు వేగంలో 0.3 సెకన్ల తేడా ఉంటే ప్రతి ఫొటో 15 సెంటీమీటర్లు తప్పుతుంది.

ప్రవాహంలో బరువంతా టెథర్‌దే, అంటే ఆర్‌ఓవీని పైకి కలిపే కేబుల్‌దే. నీటి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు అవుతుంది, కాబట్టి అవసరమైనంతే వదలండి. ఓ-రింగులు (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు), వాక్యూమ్ పరీక్ష (లోపలి గాలి లాగి లీకు చూడటం) సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. రింగు మీద ఒక్క వెంట్రుక చాలు నీళ్లు రావడానికి.

దించగానే డీవీఎల్ లాక్ రాకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు యంత్రాన్ని పైకి తెచ్చి దాని ముఖాన్ని చూడండి. గాలి బుడగలు అంటుకుని ఉంటాయి. మెత్తటి గుడ్డతో ఒక చుక్క సబ్బు రాసి తుడిచి మళ్లీ దించండి. ఆ ముఖాన్ని గోరుతో గానీ బ్రష్‌తో గానీ గీకకండి.