ఎనాంపోర్‌లో గుండ్రటి మండువా ఇల్లు

సెనెగల్ దక్షిణాన ఉన్న జిగించోర్ పట్నంలో మేం దిగిన లాడ్జికి మాత్రం ఎవరూ పోకండి. ఏసీ గది అని 28,000 సీఫా ఫ్రాంకులు (అక్కడి డబ్బు) ముందే కట్టించుకుని, కరెంటు పోయాక జనరేటరుకు మరో 5,000 అడిగారు. మేం ఇవ్వం అన్నందుకు రాత్రంతా ఉక్కపోత. "ఇక్కడికెందుకు తీసుకొచ్చావురా" అని అత్తయ్య పొద్దున్నే మావారి మీద విరుచుకుపడ్డారు. అంతకుముందు రాజధాని డాకర్ నుంచి ఓడ ప్రయాణం హాయిగానే సాగింది.

ఎనాంపోర్ అనే పల్లె అక్కణ్నించి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. టాక్సీకి 12,000. దారి పొడుగునా అత్తయ్య మాట్లాడలేదు. అక్కడి జోలా తెగవాళ్ల ఇంట్లో అడుగుపెట్టి తలెత్తి చూశాక మాత్రం, "ఇది మన మండువా ఇల్లేనే!" అన్నారు. ఆవిడ అమలాపురం దగ్గర అలాంటి ఇంట్లోనే పెరిగారు.

నిజమే. ఇది గుండ్రంగా ఉంటుంది, అంతే తేడా. మందపాటి మట్టిగోడలు, గడ్డికప్పు. కప్పు సగం బయటికి వాలితే, సగం లోపలికి గరాటులా దిగుతుంది. సెప్టెంబరు వాన నడిమధ్య గుంటలోకి ధారగా పడింది. ఈ ఇంటిని 1970లలో అతిథుల కోసమే పాత పద్ధతిలో కట్టారు, ఊరివాళ్లే నడుపుతారు.

పాత ఇళ్లలో ఎలా సర్దుకునేవారో అక్కడి పెద్దావిడ చెబుతుంటే మావారు ఫ్రెంచి నుంచి మాకు చెప్పారు. అన్నదమ్ముల కుటుంబాలు చుట్టూ గదుల్లో ఉంటాయి. ఎవరి గది వాళ్లది, ఎవరి గాదె వాళ్లది. మొగుడి ధాన్యం, పెళ్లాం ధాన్యం కూడా వేరు వేరు గాదెల్లోనే! వాననీరు, వెలుతురు, చుట్టూ తిరిగే వసారా మాత్రం అందరివీ. దంపుళ్లు, పిల్లల ఆటలు, కబుర్లు అన్నీ అక్కడే. దాడులొస్తే తలుపులు మూసుకుని లోపలి నీళ్లు, ధాన్యంతోనే నెట్టుకొచ్చేవారట. ఉమ్మడి ఇంట్లో ఇంత స్పష్టంగా లెక్క ఉండటం నాకు చాలా నచ్చింది. వంటింటి గాదె దగ్గర తగవులు పడ్డ ఉమ్మడి కుటుంబాలు మనలో ఎన్ని లేవు!

భోజనం మనిషికి 3,500. తెల్లన్నం, నిమ్మరసం వేసిన చేపల పులుసు, పక్కన బెండకాయతో మెత్తగా ఉడికించిన గోంగూర. అత్తయ్య రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. పోపు లేదని ఒక్క మాట కూడా అనలేదు, అది చాలా పెద్ద విషయం.

పడక మనిషికి 5,000. దోమతెర ఉంది, చిరుగులున్నాయేమో చూసుకోండి. టార్చిలైటు, చిల్లర నోట్లు వెంట ఉంచుకోండి. మధ్యవర్తుల ద్వారా కాకుండా నేరుగా వెళ్లండి. బురదకు భయపడకపోతే వానాకాలమే మేలు, కప్పు పనితనం అప్పుడే తెలుస్తుంది.

మావారు సెలవు లేదన్నా అత్తయ్య వినలేదు. ఇంకో రాత్రి ఉన్నాం, ముగ్గురికీ మరో 15,000.