ఓవెన్ తలుపు బాగుచేయించాను: నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గరి రిపేరు షాపు

ఏడేళ్లుగా వాడుతున్న మా మైక్రోవేవ్ ఓవెన్ తలుపు కింది కీలు వదులై, మూసినా ఒక మూల ఎత్తుగా నిలుస్తుండడంతో, గత నెలలో ట్రంకు రోడ్డు దగ్గరున్న ఈ షాపుకు తీసుకువెళ్లాను. అంతకుముందు మరొకచోట, తలుపు సరిగా పడకపోయినా ఓవెన్ నడిచేలా లోపలి స్విచ్చులను నేరుగా కలిపేస్తామనీ, 150 రూపాయలు చాలనీ అన్నారు. ఆ సంగతి చెప్పగానే ఈ మెకానిక్ "అట్టాంటి పని నేను చెయ్యను సార్" అని, తలుపు విప్పి కారణం చూపించారు.

ఓవెన్‌లో పుట్టే తరంగాల పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. అద్దం వెనకున్న లోహపు జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే కనుక, వెలుతురు వాటిని దాటి వచ్చి లోపల చేపల పులుసు పొంగడం మనకు కనిపిస్తుంది గాని, అంత పొడవైన తరంగం దాటలేదు. అంచు దగ్గరి ఏర్పాటు నాకు కొత్త విషయం. ప్లాస్టిక్ పట్టీ కింద తలుపు చుట్టూ ఒక లోహపు గాడి ఉంటుంది. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే సుమారు 3 సెంటీమీటర్ల దారి ఉండేలా మలిచిన ఆ గాడిలోకి వెళ్లి తిరిగివచ్చిన తరంగం, సందులోంచి జారబోయే తరంగాన్ని లోపలికే మళ్లిస్తుంది. అందువల్ల సన్నని సందు ఉన్నా ప్రమాదం లేదు. తలుపు వంగితేనే ఆ లెక్క తప్పుతుంది. ఇక గొళ్లెం దగ్గరి మూడు స్విచ్చుల్లో రెండు, తలుపు తీయగానే మాగ్నెట్రాన్‌కు (ఆ తరంగాలను పుట్టించే భాగానికి) కరెంటు ఆపుతాయి. అవి మొరాయిస్తే మూడోది ఫ్యూజును కాల్చేస్తుంది. 150 రూపాయలకు తీసేస్తామన్నది ఈ రక్షణనే.

కీలు, ఒక స్విచ్చి మార్చి, చట్రానికి ఎండి అంటుకున్న పులుసు మరకలు గీకి (అది మా ఇంటి నిర్లక్ష్యమే), తరంగాల లీకేజీని కొలిచే చిన్న మీటరును అంచుకు 5 సెంటీమీటర్ల దూరంలో చుట్టూ తిప్పి చూపారు. వాడకంలో ఉన్న ఓవెన్‌కు ఆ దూరంలో అమెరికా నిబంధన విధించిన పరిమితి చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు. మా ఓవెన్ దగ్గర ఒకటి కూడా చూపలేదు. లోపల ఫోను పెట్టి రింగు చేసి, అది మోగితే లీకేజీ ఉన్నట్టే అనుకునే ఇంటి పరీక్షను ఆయన కొట్టిపారేశారు. ఫోను అతి బలహీనమైన సంకేతాన్ని కూడా అందుకుంటుంది కనుక ఆ మాట సబబే.

బిల్లు 1,850 రూపాయలు. పనికి అది న్యాయమైన ధరే. అయితే రెండు రోజులన్న పని ఐదు రోజులు పట్టింది, మీటరు కొలతను బిల్లు మీద రాసివ్వమని అడిగితే ఆ అలవాటు లేదన్నారు.