డేటా సెంటర్ల కరెంటు: రాజస్థాన్ నుంచా, బొగ్గు బాయిల దగ్గర నుంచా? ఏది మేలు?

హైదరాబాద్‌లో డేటా సెంటర్ల మీద 15 ఏళ్లలో 15,000 కోట్లు పెడతామని మైక్రోసాఫ్ట్ 2022లోనే చెప్పింది, అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు అదే ఏడాది నవంబరులో మొదలయ్యాయి. ఏఐ వచ్చాక వీటి కరెంటు ఆకలి ఇంకా పెరిగింది. సరే, సోలార్ కరెంటే ఇద్దాం, కానీ ఎక్కడిది?

రేటు ఒక్కటే చూస్తే రాజస్థాన్‌దే. భడ్లా పార్కు ఒక్కటే 2,245 మెగావాట్లు, ఎండకూ స్థలానికీ కొదవ లేదు, పైగా అక్కడ పొద్దు ఏడాది సగటున మనకంటే దాదాపు అరగంట ఆలస్యంగా వాలుతుంది, సాయంత్రం లోడు పెరిగే వేళకి అది చిన్న విషయం కాదు.

ఇక మన బొగ్గు బాయిల సంగతి. సింగరేణికి ఇప్పటికే 200 మెగావాట్లకు పైగా సోలార్ ఉంది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల ప్యానెళ్లు 2022 నుంచి తేలుతూనే ఉన్నాయి. అయితే ఒక్కో మెగావాటుకు నేల మీద నాలుగైదు ఎకరాలు కావాలి, గనుల దగ్గర తవ్విపోసిన మట్టి గుట్టలేమో ఏళ్ల తరబడి కుంగుతుంటాయి కాబట్టి ఖర్చు ఎక్కువే.

అయినా నా ఓటు దీనికే. మా బాబాయి గోదావరిఖనిలో బాయి ఎలక్ట్రీషియన్. మొన్న దసరాకి వచ్చినప్పుడు మా ఇన్వర్టర్ ఆగిపోతే మూత విప్పి, మసి ఇంకిన గోళ్లతోనే వదులైన వైరు పట్టుకుని నిమిషంలో బిగించేశాడు. స్పానర్ తుడుచుకుంటూ, "మావోడి ఐటీఐ అయిపోయిందిరా, బాయిలు మూస్తే వాడికి ఏం పని ఉంటది?" అన్నాడు. రాజస్థాన్ నుంచి వచ్చే కరెంటు దగ్గర దీనికి జవాబు లేదు.

సోలార్ ప్లాంటులో కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, తర్వాత కొద్దిమందికే, ఇది దాచాల్సిన పని లేదు. అందుకే ప్యానెళ్లతో ఆగకుండా బ్యాటరీ నిల్వ కూడా అక్కడే పెట్టాలి. ఏఐ కూడా ఇక్కడ పనికొస్తుంది. గాలిమరల కరెంటును 36 గంటల ముందే అంచనా వేసి దాని విలువను సుమారు 20 శాతం పెంచామని గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్ 2019లో చెప్పింది. మబ్బులనూ ఇలా ముందే పసిగట్టొచ్చు, డేటా సెంటర్లలో తొందర లేని ఏఐ మోడల్ ట్రైనింగ్‌ను (ఏఐకి నేర్పే పనిని) మధ్యాహ్నం ఎండ ఉండే వేళకి జరపొచ్చు.

కాబట్టి ముందు సింగరేణి నేల, చాలకపోతే రాజస్థాన్. యూనిట్‌కు కొంచెం ఎక్కువైనా ఇంత పెద్ద కంపెనీలు భరించగలవు. మావాడిలాంటి పిల్లలకి ట్రైనింగ్, ఉద్యోగం మాత్రం కరెంటు ఒప్పందంలోనే రాయాలి, విడిగా హామీ ఇస్తే సరిపోదు.