ఐసెట్ వొకాబులరీకి అంకిడ్రాయిడ్: పైసా ఖర్చు లేదు, కానీ కష్టం మనదే

మా నల్లగొండల డిగ్రీ ఫైనలియర్ వాళ్లు ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏల ఎంట్రెన్స్) అనంగనే మ్యాథ్స్, రీజనింగ్ ముందేసుకొని కూసుంటరు, కమ్యూనికేషన్ ఎబిలిటీ అంటే ఇంగ్లిషే కదా లాస్ట్‌ల చూద్దాం తియ్ అంటరు. 200 ప్రశ్నలు, 200 మార్కులల్ల ఇంగ్లిష్‌వి 50. ఎనలిటికల్ 75, మ్యాథ్స్ 75, టైం మొత్తం కలిపి 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు ముప్పావు నిమిషం. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతదా లేదా అని అడిగే డేటా సఫిషియెన్సీకి అది ఏ మూలకు సరిపోతది? వొకాబులరీ అట్ల కాదు, తెలిస్తే పది సెకన్ల పని, తెల్వకపోతే నెగెటివ్ మార్కింగ్ లేదు కాబట్టి ఏదో ఒకటి పెట్టి ముందుకు పోవుడే, మిగిలిన టైం లెక్కలకు పనికొస్తది. తెలుగు మీడియం వాళ్లకైతే ఈ సెక్షన్ మీదనే భయం ఎక్కువ.

కోచింగ్‌లల్ల ఇచ్చే జిరాక్స్ బుక్కు సంగతి తెలిసిందే కదా, ఏ నుంచి జెడ్ దాకా లిస్టు. అందరూ అబాండన్‌తోని షురూ చేస్తరు, సి దాటినోళ్లను నేనైతే చూడలే 😀

నేను వాడింది అంకిడ్రాయిడ్, కార్డులు తిప్పుకుంట పదాలు గుర్తుపెట్టుకునే యాప్. ఆండ్రాయిడ్‌ల ఫ్రీ, యాడ్స్ లేవు, ఓపెన్ సోర్స్. ఐఫోన్‌దైతే కొనుక్కోవాలె. ప్లే స్టోర్‌ల ఇసొంటి పేర్లతోనే వేరే యాప్‌లు చానా ఉన్నయి, పేరు పూర్తిగా చదివి దించుకోండి. నెట్ లేకున్నా నడుస్తది, నేను దేవరకొండ బస్సులనే సగం చదువు చేసిన, మహాలక్ష్మి కింద ఆడోళ్లకు టికెట్ ఫ్రీ, యాప్ ఫ్రీ, ఇంకేం గావాలె.

ఎట్ల పనిచేస్తదంటే, కార్డు ముందు పక్క ప్రశ్న, వెనక జవాబు. జవాబు మనసుల అనుకొని కార్డు తిప్పి చూసి అగైన్, హార్డ్, గుడ్, ఈజీ ఈ నాలుగింట్ల ఒకటి నొక్కాలె. వచ్చిన పదం కొన్ని రోజులు ఆగి వస్తది, మళ్లా వస్తే ఇంకా లేటుగా, రానిది మాత్రం ఆ పూటనే మళ్లా ముందుకొస్తది. ఇక్కడ చానామంది చేసే గడబిడ ఏందంటే, జవాబు గుర్తురాకపోయినా అగైన్ నొక్కుడు నామోషీ అనిపించి హార్డ్ నొక్కుతరు. హార్డ్ అంటే కష్టం మీద గుర్తొచ్చిందని లెక్క! అట్ల నొక్కితే రాని పదం కూడా వచ్చినట్టే అనుకొని దాన్ని దూరం జరుపుతది.

రెడీమేడ్ డెక్కులు (కార్డుల కట్టలు) దొరుకుతయి గానీ ఎక్కువ జీఆర్ఈ (ఫారిన్ చదువుల పరీక్ష) పదాలవి, ఐసెట్‌కు అంత అవసరం లేదు. పాత పేపర్లు ముందు పెట్టుకొని మీ కార్డులు మీరే చేసుకోండి. ముందు పక్క ఆ పేపర్ల ఇచ్చిన వాక్యం మొత్తం, వెనక తెలుగు అర్థం, ఒక సినోనిమ్, ఒక యాంటోనిమ్, అంతే, కథలు రాయొద్దు. అబండెంట్ కార్డు వెనక ప్లెంటిఫుల్, స్కేర్స్ రెండూ ఉంటే ఎటు తిప్పి అడిగినా పెట్టొచ్చు. బిజినెస్, కంప్యూటర్ టర్మ్స్‌కైతే ఈ యాప్ అసలు సూపర్, డిబెంచర్, ఇన్‌వాయిస్, ఫైర్‌వాల్ ఇసొంటివి గుర్తుంటే మార్కు వచ్చినట్టే కాబట్టి. బేసిక్ అండ్ రివర్స్‌డ్ అనే టైపు పెట్టుకుంటే ఒక్కసారి రాస్తే పదం నుంచి అర్థానికి, అర్థం నుంచి పదానికి రెండు కార్డులైతయి.

చూడనీకి పాతకాలం యాప్ లెక్క సాదాసీదాగ ఉంటది, సెట్టింగ్స్ అర్థం కానీకి మొదట్ల కొంచెం సతాయిస్తది. అసలు తిప్పలు ఏందంటే బతుకమ్మకో పెండ్లికో నాలుగు రోజులు వదిలేస్తే కార్డులు కుప్ప పడతయి, అది చూసి చానామంది యాప్‌నే తీసేస్తరు. మనం మార్చకపోతే యాప్ రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తది, క్లాసులకు పోయేటోళ్లకు 20 ఎక్కువే, 8 చాలు. గ్రామర్‌కు, ప్యాసేజ్‌లకు దీన్ని నమ్ముకోవద్దు, అవి పేపర్ ముందు పెట్టుకొని చేస్తేనే వస్తయి.

నేనైతే ఐదుకు నాలుగు ఇస్త. ఎగ్జామ్‌కు రెండు వారాల ముందు కొత్త కార్డులు సున్నా పెట్టి పాతవే తిప్పుకోండి, అది డెక్ ఆప్షన్స్‌ల డైలీ లిమిట్స్ కింద న్యూ కార్డ్స్/డే దగ్గర ఉంటది.