విజయనగరం సంగీత డిప్లొమా: చదువుకి మంచి మార్కులు, ఉద్యోగానికి సగమే

విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో పిల్లల్ని చేర్చే ముందు ఇంట్లో వచ్చే ప్రశ్న ఒక్కటే: ఇది చదివితే రేపు ఏం తింటాడు? ఏ వాద్యం పడతాడు, పక్కన ఇంకేం చదువుతాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది జవాబు.

చదువుకి పేరు పెట్టక్కర్లేదు. 1919లో మొదలైన కాలేజీ. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిన చోటు. నాలుగేళ్లు సర్టిఫికెట్, ఆపైన రెండేళ్లు డిప్లొమా. ఇక్కడ చదివిన ఘంటసాలను, సుశీలను చూపించి పిల్లల్ని చేర్చేవాళ్లు ఎక్కువ. ఆ ఘంటసాల ఈ ఊళ్లోనే మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని చదువుకున్నారన్న సంగతి మాత్రం పక్కన పెట్టేస్తారు.

ఖర్చు ఫీజు దగ్గర కాదు, వాద్యం దగ్గర. గాత్రానికి ఫోన్లో తంబురా యాప్ ఉంటే గడిచిపోతుంది. వీణకి బొబ్బిలి పక్కనే ఉంది, పనసకర్రతో చేస్తారు. కొన్నాక కూడా పని తప్పదు. ఎండ తగిలే గదిలో పెడితే మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి కదిలిపోతాయి, మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లని స్వరస్థానాల్లో కూర్చోబెట్టించాలి. రోజూ బస్సులో వచ్చిపోయే పిల్లకి వీణ కన్నా వయొలిన్ నయం.

అసలు చిక్కు కాగితం దగ్గర. డిప్లొమా అంటే డిగ్రీ కాదు. కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరు పోస్టుకి ఇంటర్లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ అడుగుతారు. మూలవేతనం 35,400. ఆ 'సమానం' అన్న మాట దగ్గరే డిప్లొమా వాళ్లు ఇరుక్కుంటారు. నవోదయలో మూలవేతనం ఇంకాస్త ఎక్కువ, 44,900. కానీ మహా అయితే జిల్లాకో నవోదయ, బడికో సంగీతం టీచరు. ఖాళీ ఎప్పుడొస్తుందో చూసుకుంటూ కూర్చోవాలి. కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎం.ఏ.లో 55 శాతం, తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందులోనే జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కూడా వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000. డిప్లొమా ఒక్కటే చేతిలో ఉంటే ఈ దారిలో తొలి మెట్టు కూడా ఎక్కలేరు. ఎం.ఏ. దాకా వెళ్లాలంటే బి.ఏ.నో బి.కాం.నో ఇంకో కాలేజీలో పక్కన నడపాల్సిందే. చేరే రోజే రెండుచోట్లా క్లాసుల వేళలు రాయించుకోండి. హాజరు ఢీకొని రెండూ చెడేది అక్కడే.

ట్యూషన్లు? పదిహేను మంది, తలకి 800 అనుకుంటే నెలకి 12,000. పదో తరగతి పరీక్షలప్పుడు అందులో సగం మంది మానేస్తారు కాబట్టి ఏడాదికి తొమ్మిది నెలల ఆదాయమే లెక్కలో వేసుకోవాలి. ఆన్‌లైన్లో అమెరికా పిల్లలు దొరికితే మేలు. అక్కడి వేసవిలో న్యూజెర్సీలో రాత్రి 8 అంటే ఇక్కడ తెల్లారి 5:30. గొంతు మేలుకోక ముందే క్లాసు మొదలెట్టాలన్నమాట.

ఇంట్లోవాళ్లు చిన్నచూపు చూసే నాదస్వరం, డోలే చేతికి తొందరగా డబ్బు తెస్తాయి. పెళ్లిళ్లకీ గుళ్లకీ సన్నాయి మేళం కావాలి, వాయించేవాళ్లు తక్కువ. ఆషాఢంలోనూ మూఢంలోనూ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ముహూర్తాల నెలల్లో వచ్చింది ఆ నెలలకి దాచుకోవడం తెలిస్తే ఇబ్బంది లేదు. మృదంగానికి నాట్య ప్రదర్శనలు ఆసరా. గాత్రంలో పోటీ ఎక్కువ, పిలుపులు తక్కువ.

ఆకాశవాణి ఆడిషన్ పెట్టి కళాకారులకిచ్చే గ్రేడు నెలజీతం ఇవ్వదు. అయినా బి దాటి దాని పై మెట్టు బి-హై దాకా వస్తే కచేరీకి పిలిచేవాళ్లు ముందు అడిగేది అదే. 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టడం మరవొద్దు: నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. వయసు దాటాక తెలుసుకుని లాభం లేదు.

బోధనకి ఐదుకి నాలుగున్నర చుక్కలు. డిప్లొమా ఒక్కదాన్నే నమ్ముకునేవాళ్లకి రెండు. పక్కన డిగ్రీ ఉంటే మూడున్నర, నాదస్వరం పట్టినవాడికి ఇంకో అర.