దారిలో ప్రమాదం: ఈఎస్‌ఐ, ఉద్యోగుల పరిహార చట్టం

ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో గాయపడిన కార్మికుడికి మన దేశంలో రెండు చట్టాలు ఒకేలా అండగా నిలవలేదు. ఫ్యాక్టరీకి సుమారు కిలోమీటరు దూరంలో లారీ ఢీకొన్న ఉద్యోగికి 1996లో సుప్రీంకోర్టు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ప్రయోజనాన్ని నిరాకరించింది. 2010లో ఈఎస్‌ఐ చట్టంలో చేర్చిన 51-ఇ సెక్షన్‌తో, ప్రమాదం జరిగిన సమయానికి, స్థలానికి, పరిస్థితులకు ఉద్యోగంతో సంబంధం ఉంటే ఈఎస్‌ఐలో ఆ అడ్డంకి తొలగింది.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో అలాంటి స్పష్టత లేకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2003లో తెల్లవారుజామున చక్కెర ఫ్యాక్టరీ విధులకు మోటారుసైకిల్‌పై వెళ్తూ మరణించిన కాపలాదారు కుటుంబానికి, 2025లో సుప్రీంకోర్టు 51-ఇ సూత్రాన్ని ఈ చట్టానికీ వర్తింపజేశాకే న్యాయం దక్కింది. ఇరవై రెండేళ్ల నిరీక్షణ ఏ కుటుంబానికైనా చాలా ఎక్కువ.

చెల్లింపు తీరు కూడా వేరు: ఈఎస్‌ఐ వైద్యంతోపాటు, పనికి వెళ్లలేని రోజులకు వేతనంలో 90 శాతం ఇస్తుంది, మరణిస్తే ఆధారితులకు నెలనెలా సొమ్ము చెల్లిస్తుంది, పరిహార చట్టం కింద మరణానికైనా శాశ్వత వైకల్యానికైనా యజమాని ఏకమొత్తం చెల్లించాల్సి ఉండేది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి రెండోదాన్ని ఎంచుకునే వీలుండేది కాదు. ఆధారితుల దృష్టితో చూస్తే నాకు ఈఎస్‌ఐయే మేలనిపిస్తుంది.